పావురాలు వినబడని మంగళవారం

షెఫీల్డ్‌లో, డాన్ నది ఒడ్డున,
ఒకప్పుడు చాకులు సానపట్టిన మేడ మీద
ఇప్పుడు నేను చప్పుళ్లు సానపడుతున్నాను.
నా చేతిలో ఉన్నది వేలిగోరంత చిప్.
ఒక్కో శాంపిల్‌కీ అది నాకిచ్చేది
రెండు వేల క్లాక్ టిక్కులు.
అందులోనే వండాలి, వడ్డించాలి, గిన్నెలు తోమాలి.

మొదట ఆశకొద్దీ
రెండువందల యాభైయారు గుణకాలు పెట్టాను.
బస్సు ఇంజను మాయం, ఫ్రిజ్ రొద మాయం,
మధ్యాహ్నానికి బ్యాటరీ మాయం.
సగానికి కోశాను. మళ్లీ సగానికి.
అరవై నాలుగు దగ్గర
గది మూలల్లోంచి ప్రతిధ్వని తొంగిచూసింది.

శాంపిళ్లు పోగేసి ఒక్కసారే లెక్కకట్టమన్నాడు అబ్దిరజాక్.
లెక్క చవకైంది, నిజమే.
కానీ పెదవి కదిలిన ఎనిమిది మిల్లీసెకన్లకు మాట వస్తే
మనిషి తన గొంతే తాను
బావిలోంచి వింటాడు.

ఇక మిగిలింది మ్యూ.
గ్రీకు అక్షరం. అడుగు ఎంత పెద్దది వెయ్యాలో చెప్పేది.
పెంచితే చప్పున నేర్చుకుంటుంది,
నేర్చుకున్నాక కుదురుగా కూర్చోదు,
సమాధానం చుట్టూ ఈగలా తిరుగుతుంది.
తగ్గిస్తే కుదురే కానీ
ట్రామ్ వచ్చి, ఆగి, వెళ్లి, మలుపు తిరిగాక
ఓహో, ట్రామా, అంటుంది.
విడవమంటే పాముకి కోపం, కరవమంటే కప్పకి కోపం.
ఇక్కడ పామునీ కప్పనీ కూడా
సీ భాషలో రాసింది నేనే.

ఒక రాత్రి టెస్టు కంప్యూటర్లో ఒక వింత.
ఏ చప్పుడూ లేనప్పుడే
ప్రాసెసర్ ఎక్కువ రొప్పుతోంది.
అంకెలు సున్నా వైపు కరిగీ కరిగీ
సున్నా కాలేక
దశాంశం తర్వాత ముప్పై ఎనిమిదో సున్నా దగ్గర
కొసప్రాణంతో వేలాడుతున్నాయి.
అంత చిన్నవాటిని మొయ్యడమే దానికి బరువు.
నిశ్శబ్దంలో కాస్త రొద కలుపు, అన్నాడు అబ్దిరజాక్.
ఇంగువంత కలిపాను. నిమ్మళించింది.

యంత్రాన్ని మొదట చెవిన పెట్టుకున్నది ఓలరెన్‌షా.
ముప్పై నాలుగేళ్లు ఫోర్జ్ సుత్తి పక్కన పనిచేసిన చెవులు.
వారానికి వచ్చి, తీసి బల్ల మీద పెట్టాడు.
కోపం లేదు.
"మంగళవారం నుంచి నా పావురాలు మూగవోయాయి."

పెరటి గూట్లో పదకొండు పందెం పావురాలు.
తలుపు తీయగానే ఒక్క క్షణం
హుక్కాలో నీళ్లలా గుడుగుడు వినబడుతుందట,
తర్వాత ఎవరో అరచెయ్యి అడ్డం పెట్టినట్టు.
గొంతులు ఉబ్బుతూనే ఉన్నాయట.
దగ్గరకెళ్లి చూశాడట, ఉబ్బుతూనే ఉన్నాయి.

నాకు వెంటనే అర్థమైంది. నోరు రాలేదు.
మారేది మాట, మారనిది రొద
అని దానికి నేర్పింది నేనే.
ఒకే స్వరంలో ఓపిగ్గా పిలిచేదాన్ని
అది ముందే ఊహించగలదు,
ఊహించగలిగినదాన్ని తీసేస్తుంది.
చేటలా పొట్టు చెరుగుతుందనుకున్నాను.
గింజేదో దానికి ఎవరు చెప్పారు?

శనివారం వాక్లీ కొండెక్కి అతని పెరట్లో కూర్చున్నాను.
జొన్నల బస్తా మీద లాప్‌టాప్.
మ్యూ తగ్గించాను. "ఇంకా లేదు."
ఇంకా తగ్గించాను. "ఇంకా."
మరో సగం.
అతను తల పక్కకు వంచి అలాగే ఉండిపోయాడు.
కింద రోడ్డు మీద లారీ ఒకటి గేరు మార్చింది,
అది కూడా మొత్తం అతని చెవిలోకే వెళ్లింది,
మొహం చిట్లించాడు, చెయ్యెత్తి నన్ను ఆపాడు.
ముట్టుకోవద్దని.

సోమవారం కోడ్‌లో నూటపన్నెండో లైను పక్కన రాశాను:
ఈ విలువ పెంచవద్దు, పక్షులున్నాయి.
తనిఖీ చేస్తూ అబ్దిరజాక్ ఒకే ప్రశ్న రాశాడు:
ఎన్ని?
పదకొండు, అన్నాను.
సరేనని ఆమోదించాడు.